అద్దాల దేవిడీ, డేరాలో వాన

మృదుల ఉద్యోగం ఏమిటో చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గో టెర్మినల్‌లో ఎక్స్‌రే మెషీన్ ముందు కూర్చుని, విమానం ఎక్కబోయే పెట్టెల కడుపులోకి చూడటం ఆమె పని. మూత తీయనక్కర్లేదు, టేపు కోయనక్కర్లేదు. కాయా కసరూ తెర మీద నారింజ రంగులో కనబడతాయి. ఇనుమూ ఉక్కూ నీలంగా కనబడతాయి. రెండూ కలిస్తే ఆకుపచ్చ.

కొన్నేళ్లుగా అలా చూసీ చూసీ ఆమెకు మూసి ఉన్న వస్తువంటేనే అసహనం పట్టుకుంది. పుట్టినరోజుకి ఎవరైనా బహుమతి ఇస్తే, కాగితం విప్పకముందే చేత్తో తూచి లోపల ఏముందో చెప్పేసేది. ఇచ్చినవాళ్లు మొహం చిన్నబుచ్చుకునేవాళ్లు. వాళ్లమ్మ వేదవతి బతిమాలి చూసింది, తిట్టి చూసింది, చివరికి కూతురికి బహుమతులివ్వడం మానేసి చీరకు డబ్బులివ్వడం మొదలుపెట్టింది.

అలాంటి మృదుల ముందుకు ఫిబ్రవరిలో ఒక పొద్దున దుబాయ్ వెళ్లాల్సిన బెండకాయల పెట్టె వచ్చింది. నారింజ రంగు కాయల నడుమ గుండ్రంగా ఒక నీలి గీత. ఆమె బెల్టు ఆపేసి, పెట్టె తెచ్చిన మనిషిని పిలిపించింది.

వచ్చినవాడు పొడుగ్గా, చామనఛాయగా ఉన్నాడు. హెల్మెట్ తీసిన జుట్టు నాలుగు దిక్కులకూ లేచి ఉంది. పేరు శివశంకర్ అని చెప్పాడు. నగరం అంచున కందుకూరు వైపు రైతుల దగ్గర కూరగాయలు కొని, ప్యాక్ చేయించి, గల్ఫ్ దేశాలకు పంపే వ్యాపారం అతనిది.

"ఇందులో బెండకాయలు కాక ఇంకేదో ఉందండి," అంది మృదుల.

"బెండకాయలే మేడమ్. పొద్దుగాల నా ముందటనే ప్యాక్ చేసిన్రు."

"స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. రెండు గిన్నెలు. పై గిన్నెలో ఉడికించిన గుడ్డు ఉంది."

శివశంకర్ ఆమెను జాలిగా చూశాడు. పొద్దున్నే డ్యూటీకొచ్చి నిద్ర చాలక ఏదో అంటోందనుకున్నాడు కాబోలు. పెట్టె విప్పారు. బెండకాయలు పక్కకు జరిపితే, మూత మీద 'చంద్రమ్మ' అని చెక్కిన డబ్బా బయటపడింది. ప్యాకింగ్ దగ్గర నిలబడి కూలీలకు పని చెప్పే చంద్రమ్మ అతని తల్లే. చేతిలో ఉన్న డబ్బాను ఖాళీ పెట్టెలో పెట్టి మరిచిపోయింది, పైన ఎవరో బెండకాయలు పోసేశారు. ఆ సమయానికి ఆవిడ తోటలో అందరినీ నిలదీస్తూ తన అన్నం కోసం వెతుక్కుంటోంది.

అతను పై గిన్నె మూత తీశాడు. పప్పన్నం మీద గుడ్డు తెల్లగా కూర్చుని ఉంది. అతను గుడ్డును చూశాడు, తెరను చూశాడు, చివరికి మృదులను చూశాడు. ఆ చూపు ఆమెకు చాలా రోజులు గుర్తుండిపోయింది. ఆమె పనిని చూసి విసుక్కున్నవాళ్లున్నారు, భయపడినవాళ్లున్నారు, నోరు తెరుచుకుని ఆశ్చర్యపోయినవాడు మాత్రం అతనొక్కడే.

"గిది ఎట్ల కనిపిస్తది మేడమ్?"

"మెషీన్ చూపిస్తుందండి."

"మెషీన్ గుండ్రంగ చూపిస్తది. గుడ్డని చెప్పింది మీరు."

మృదుల బెల్టు మళ్లీ నడిపించింది. ఇంకోసారి ఇలా జరిగితే లోడంతా ఆపేస్తానని గట్టిగా హెచ్చరించి పంపేసింది. అతను తలూపి, డబ్బా చంకలో పెట్టుకుని, తలుపు దాకా వెళ్లి మళ్లీ ఒకసారి వెనక్కి చూశాడు. ఆ రోజంతా ఆమె తెర మీద నారింజ రంగు కాస్త ఎక్కువ వెలుగుతున్నట్టు అనిపించింది. మెషీన్‌లో ఏ లోపమూ లేదు.

*

కార్గో గేటు బయట ఒక టీ కొట్టుంది. డ్రైవర్లూ, లోడర్లూ, డ్యూటీ దిగినవాళ్లూ అందరూ అక్కడే తేలతారు. నెల తిరిగేసరికి అతనూ ఆమే అక్కడ పక్కపక్కన నిలబడి టీ తాగడం అందరికీ అలవాటైపోయింది. 'మేడమ్' పోయి 'మృదుల గారు' వచ్చింది. 'శివశంకర్ గారు' కాస్తా 'శివా' అయింది. ఇద్దరూ 'మీరు' మాత్రం వదల్లేదు. దాన్ని ముందుగా ఎవరు వదలాలన్న దాని మీద ఇద్దరికీ మొహమాటమే.

అప్పుడే ఒకే శుక్రవారం రెండు సినిమాలు విడుదలయ్యాయి. చిత్రమేమిటంటే రెండూ పాతకాలం ఇంద్రజాలికుల కథలే. ఒకటి 'అద్దాల దేవిడీ', నిజాం కాలపు హైదరాబాదు కథ. రెండోది 'డేరాలో వాన', గోదావరి ఒడ్డున ఊరూరా డేరా వేసుకుని తిరిగే ఒక గారడీవాడి కథ. టీ కొట్టు దగ్గర జనం రెండు జట్లయ్యారు.

మృదుల వాళ్లది కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆమెకు హైదరాబాదు సినిమా నచ్చింది. శివశంకర్‌ది తాతల నాటి నుంచీ ఈ నేలే. అతనికి గోదావరి సినిమా నచ్చింది. చెరొకటి చూసి వచ్చి, చూడని సినిమాను తీసిపారేస్తూ రెండు రోజులు పోట్లాడుకున్నారు. మూడో రోజు టీ కొట్టాయన కల్పించుకుని, ఇద్దరూ రెండూ చూసి వచ్చి కొట్టుకుంటే న్యాయంగా ఉంటుందన్నాడు. ఆయన తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ, వాళ్లిద్దరినీ కలిపి సినిమాకు పంపిన పుణ్యం ఆయనదే.

మొదట 'అద్దాల దేవిడీ'కి వెళ్లారు. నవాబు గారి దేవిడీలో వందల దీపాల నడుమ ఇంద్రజాలికుడు తెల్లగుర్రాన్ని నడిపించుకొస్తాడు. దాని మెడ మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో చెప్పి, చిటికె వేస్తాడు. గుర్రం ఉండదు. డెక్కల చప్పుడు మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. హాలు మొత్తం ఊపిరి బిగపట్టింది. మృదుల రెండోసారి చూస్తున్నా ఆమె ఒళ్లు జలదరించింది. ఆ దర్బారులోనే ఒక ఇంజనీరు ఉంటాడు. ఆ గుర్రం ఎలా మాయమైందో తెలుసుకోవడానికి జీవితమంతా ధారపోస్తాడు. చివరి అరగంటలో అన్నీ విప్పి చూపిస్తారు. ఏ అద్దం ఏ మూల నిలబెట్టారో, నేల కింద ఏ తలుపు ఎటు తిరిగిందో, డెక్కల చప్పుడు ఎవరు చేశారో అంతా చూపిస్తారు. అది చూసి ఆ ముసలి ఇంజనీరు చిన్నపిల్లాడిలా ఏడుస్తాడు.

"చూశారా," అంది మృదుల బయటికొస్తూ. "తెలిశాక ఇంకా గొప్పగా లేదూ? ఒక మనిషి బుర్రలో అంతా పుట్టిందంటే దండం పెట్టాలనిపిస్తుంది నాకు."

శివశంకర్ ఒప్పుకున్నాడు. గొప్పగానే ఉందన్నాడు. "కానీ గుర్రం పోయింది మృదుల గారు," అన్నాడు. "అద్దాలు కనబడ్డాక గుర్రం ఇగ రాదు."

వారం తర్వాత 'డేరాలో వాన' చూశారు. ఇందులో గారడీవాడికి ఉన్నది ఒకే విద్య. డేరా నిండా జనం కూర్చున్నాక, అందులో ఒక్కరిని ఎంచుకుని నిలబెడతాడు. ఆ ఒక్కరి మీదే వాన కురుస్తుంది. పక్కన కూర్చున్నవాళ్ల చొక్కా కూడా తడవదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీద ఒకసారి, తోట తగలబడిన రైతు మీద ఒకసారి. తడిసినవాళ్లు ఏడుస్తూ నవ్వుతూ ఇళ్లకు పోతారు. చివరికి గారడీవాడు ముసలివాడవుతాడు. జనం రాని డేరాలో ఒక్కడే నిలబడి ఉంటే, పిలవకుండానే అతని మీద వాన పడుతుంది. అక్కడితో సినిమా అయిపోతుంది. ఎలా అన్నది ఎవరూ చెప్పరు.

మృదులకు ఒళ్లు మండిపోయింది. బైకు మీద శంషాబాద్ వచ్చేదాకా వెనక కూర్చుని సాధిస్తూనే ఉంది. డేరా పైన గొట్టం ఉండే తీరాలంది. చివరి సీన్‌లో తాను పైనే చూస్తూ కూర్చున్నాననీ, ఎడమ మూల గుడ్డ కాస్త ఉబ్బిందనీ, గొట్టం అక్కడే ఉందనీ తేల్చేసింది.

హైవే పక్కన ఒక హోటల్ దగ్గర అతను బైకు ఆపాడు. విమానం ఒకటి వాళ్ల నెత్తి మీదుగా దిగుతోంది. ఇద్దరూ మాట ఆపి దాన్నే చూశారు. రోజూ చూసేదే అయినా, అంత బరువు గాలి మీద అంత మెల్లగా రావడం ఇద్దరికీ ఎప్పుడూ పాతబడదు. ఆ సంగతిలో మాత్రం ఇద్దరిదీ ఒకే జట్టు.

"మీరు పైకి చూసిండ్రు," అన్నాడతను చప్పుడు తగ్గాక. "నేను ఆయన మొహం చూసిన. వాన పడంగనే ఆ ముసలాయన కూడ పరేషాన్ అయిండు. అందరి లెక్కనే నోరు తెరిచిండు. ఆయనకు కూడ తెల్వది మృదుల గారు, అది ఎట్ల వస్తదో."

మృదుల ఆ సీన్ మళ్లీ తలుచుకుంది. తాను ఆ మొహం చూడనే లేదు.

ఆ సాయంత్రమే ఆమె అతనికి వెంకట్ సంగతి చెప్పింది. రెండేళ్ల క్రితం ఆమెకు వెంకట్‌తో నిశ్చితార్థమైంది. అతని ఉద్యోగం ఊడిపోయి నెలలవుతున్నా, రోజూ మెడలో ఐడీ కార్డు వేసుకుని బయల్దేరి, ఒక కాఫీ షాపులో సాయంత్రం దాకా కూర్చుని ఇంటికొచ్చేవాడు. ఆ సంగతి ముహూర్తం పెట్టుకున్నాక బయటపడి, పెళ్లి ఆగిపోయింది. ఉద్యోగం పోయినందుకు ఆమె బాధపడలేదు. రోజూ ఫోన్‌లో ఆఫీసు కబుర్లు చెప్పాడే, అవి విని తాను నవ్వేదే, అది తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు మండుతాయంది.

"అందుకే నాకు మూసిపెట్టిన సంగతులు పడవు శివా. ఎలాంటిదైనా సరే, నా దగ్గర దాచకండి. అదొక్కటి చాలు నాకు."

అతను సరేనన్నాడు. కాకపోతే ఆ సరే అనడానికి ముందు టీ గ్లాసులోకి కాస్త ఎక్కువసేపే చూశాడు. పెట్టెల లోపల గుడ్డును కూడా కనిపెట్టే మృదుల, ఎదురుగా ఉన్న మనిషి గ్లాసులోకి చూడటం కనిపెట్టలేకపోయింది. ప్రేమలో ఉన్నవాళ్లకు ఇలాంటి చోట్లే కళ్లు మూసుకుపోతాయి.

*

మే వచ్చేసరికి మృదుల వాళ్ల అపార్ట్‌మెంటులో బోరు ఎండిపోయింది. ట్యాంకరు వస్తే బిందెలతో పరుగులు, రాకపోతే వాట్సాప్ గ్రూపులో యుద్ధాలు. మృదుల తండ్రి శ్రీరామమూర్తి ఆ అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షుడు. కొత్త బోరు వేయడానికి పర్మిషన్ తెచ్చాడు. సర్వే చేసిన జియాలజిస్టు రెండు చోట్లు గుర్తుపెట్టి, రెండింటికీ సమానంగా అవకాశం ఉందన్నాడు. ఒకటి గేటు పక్కన, ఒకటి వెనక వేపచెట్టు దగ్గర. సంఘం వేయగలిగేది ఒక్క బోరే. రెండో అంతస్తు హరిప్రసాద్ గేటు పక్కనే వేయాలని పట్టుబట్టాడు. ఆయన ఏదన్నా పట్టుబడితే మిగిలినవాళ్లు దానికి ఎదురు నిలవడం అక్కడి ఆనవాయితీ.

తగువు తెగక, వాచ్‌మన్ రాములు చెప్పిన సలహాకు శ్రీరామమూర్తి తలొగ్గాడు. తమ ఊళ్లో కొబ్బరికాయతో నీళ్ల జాడ చూసే పిల్లగాడున్నాడనీ, కింద నీళ్లుంటే అతని అరచేతిలో కాయ దానంతటదే లేచి నిలబడుతుందనీ, ఆ రెండు చోట్లలో ఏది మంచిదో చూపిద్దామనీ రాములు అన్నాడు. శ్రీరామమూర్తికి నమ్మకం లేదు. అయినా సంఘం మీటింగు ఇంకోసారి పెట్టడం కంటే కొబ్బరికాయే నయమనుకున్నాడు.

ఆ ఆదివారం మృదుల ఒక నిర్ణయానికి వచ్చింది. సాయంత్రం అమ్మానాన్నలకు శివశంకర్ గురించి చెప్పేయాలి. ధైర్యం కోసం పొద్దున్నే అతనికి ఫోన్ చేస్తే, చుట్టాలింట్లో పనుందని, కలవడం కుదరదని చెప్పి తొందరగా పెట్టేశాడు. సరేలే అనుకుని కాఫీ కప్పుతో బాల్కనీలోకి వచ్చి కిందికి చూసింది.

కింద కార్ల మధ్య, చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు శివశంకర్. అతని వెనక సంఘమంతా ఊరేగింపులా నడుస్తోంది.

మృదుల మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. ఆమెను చూడగానే అతని చేతిలో కాయ దొర్లి కారు కిందికి పోయింది. శ్రీరామమూర్తి మా అమ్మాయి అని పరిచయం చేస్తే, ఈయన్ని ఎక్కడో చూసినట్టుందని ఆమె తండ్రితో చల్లగా అంది. గుర్తు పెట్టడానికి ముగ్గుపిండి కావాలని రాములు గుర్తుచేయడంతో పెద్దమనుషులు అటు కదిలారు. వేపచెట్టు కింద ఇద్దరే మిగిలారు.

"చుట్టాలింట్లో పనన్నారు."

"రాములు నాకు వరుసకు మామ అయితడు. మీరు ఈ బిల్డింగ్‌లనే ఉంటరని నిజంగ తెల్వది."

"నేనడిగేది అది కాదు. ఇది మీరు నాకెప్పుడూ చెప్పలేదు."

అతను చెమట తుడుచుకున్నాడు. ఎదురుగా ఉన్నది ఏ మెషీన్ కన్నా లోతుగా చూసే మనిషని అతనికి తెలుసు.

"మా తాత చేతిల కాయ లేస్తుండె. మా నాయన చేతిల లేవలే. నేను ఇంటర్‌ల ఉన్నప్పుడు నా చేతిల లేసింది. తర్వాత అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన. భూమిల నీళ్లకూ చేతిల కాయకూ ఏం సంబంధమో ఏ పుస్తకంల లేదు. లేవదు అని మా సార్లు చెప్పిన్రు. నా చేతిల లేస్తది."

"ట్రిక్ అయితే చెప్పేయండి శివా. నేనేమీ అనుకోను. నిజంగా."

"ట్రిక్ అయితే మొదటి రోజే చెప్పెటోన్ని. మీరు దాచొద్దన్నరు. విప్పి చూపిద్దామంటే లోపల ఏం లేదు మృదులా. నాకే తెల్వది. గీ మాట చెప్తే, వెంకట్ లెక్కనే వీడు కూడ కథలు చెప్తుండు అనుకుంటరని భయమైంది."

అతను ఇంతవరకు ఆమెను అలా, 'గారు' లేకుండా పిలవలేదు. ఆ సంగతి అతనికి తెలిసినట్టు లేదు. మృదుల చరచరా పైకి వెళ్లి, వాళ్లమ్మ పూజ గదిలోంచి ఒక కొబ్బరికాయ పట్టుకొచ్చింది. వేలసార్లు తెర మీద చూసిన కాయ అది. నారింజ రంగు గుండ్రం, లోపల నీళ్లు, అంతే. దాంట్లో ఇంకేమీ ఉండదని ఆమెకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఎయిర్‌పోర్టు మొత్తంలో ఉండరు.

"దీంతో చేయండి."

అతను కాయను చేతిలోకి తీసుకోలేదు. తన అరచేయి చాపి, దాని మీద ఆమె అరచేయి పెట్టమన్నాడు. దాని మీద కాయను పడుకోబెట్టమన్నాడు. ఇద్దరూ కలిసి నడిచారు. గేటు పక్కన మొదటి గుర్తు మీద నిలబడ్డారు. కాయ కదల్లేదు. స్కూటర్ల మధ్య నుంచి, ఎండిన నీళ్ల తొట్టి పక్క నుంచి వెనక్కి వచ్చారు. మృదుల కళ్లు కాయ మీద, అతని వేళ్ల మీద, మణికట్టు మీద, ఎక్కడ గొట్టం ఉందా అని వెతుకుతూనే ఉన్నాయి. అతని చేయి ఏమీ చేయడం లేదు. ఆమె చేతి కింద వెచ్చగా ఊరికే ఉంది.

వేపచెట్టు దాటి రెండడుగులు వేశారు. ఆమె అరచేతిలో కాయ మేలుకుంది.

ఇంకో మాట దొరకదు దానికి. ముందు చిన్నగా పొర్లింది. తర్వాత పిలక పైకెత్తుకుంటూ, ఎవరో పిలిస్తే లేచినట్టు, మెల్లగా లేచి నిలబడింది.  ఆ బరువంతా అరచేతి నడిమధ్య ఒక చిన్న చోట ఆనడం ఆమెకు స్పష్టంగా తెలిసింది. భూమి లోపల ఎక్కడో చీకట్లో పారుతున్నదేదో తన చేతి దాకా వచ్చి పలకరించినట్టనిపించి, మృదులకు కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఎందుకో చెప్పమంటే ఆమె చెప్పలేకపోయేది.

ముగ్గుపిండితో వచ్చిన శ్రీరామమూర్తి నోరు తెరుచుకుని కాయను చూస్తూ ఉండిపోయాడు. పై బాల్కనీలోంచి వేదవతి మాత్రం కాయను చూడలేదు. కింద ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు చేతుల్ని చూసింది.

నీళ్లు పడకపోతే ఎవరు బాధ్యులని హరిప్రసాద్ అడిగాడు. శివశంకర్ దాచలేదు. తాను చూపిన చోటల్లా నీళ్లు పడలేదని, దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లు కూడా ఉన్నాయని అందరి ముందూ చెప్పాడు. ఆ మాటకే శ్రీరామమూర్తికి అతని మీద గురి కుదిరింది. బాధ్యత నాదే, వేపచెట్టు దగ్గరే వేద్దామన్నాడు. కాయ పట్టినందుకు గ్లాసు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదని శివశంకర్ తాత పెట్టిన కట్టుబాటు. ఆ రోజు ఇంట్లో మిగిలిన ఆఖరి బిందెలోంచి వేదవతి తానే గ్లాసు ముంచి తెచ్చిచ్చింది. అతను తాగుతున్నంతసేపూ అతన్ని తేరిపార చూసింది.

మృదుల ఆ సాయంత్రం ఇంట్లో ఏమీ చెప్పలేదు. కాయ లేచింది నిజం. అతను చెప్పకుండా దాచిందీ నిజమే. ఆ రెంటి మధ్యా ఆమె వారమంతా నలిగింది. టీ కొట్టుకు కూడా వెళ్లలేదు.

*

తర్వాతి ఆదివారం బోరు లారీ వచ్చింది. వేపచెట్టు దగ్గర పసుపు కుంకుమ పెట్టి, ఆమె చేతిలో లేచిన కాయనే కొట్టి పని మొదలుపెట్టారు. చెవులు చిల్లులు పడే చప్పుడు. రాళ్ల పొడి తెల్లగా లేచి కార్లనూ, చెట్టునూ, మనుషులనూ కప్పేసింది. ఒక రాడ్డు దిగింది, దాని మీద ఇంకోటి. వచ్చేదంతా పొడే. మధ్యాహ్నానికి జనం ఒక్కొక్కరే పైకి జారుకున్నారు. గేటు పక్కనే వేయమన్నానా లేదా అని హరిప్రసాద్ లిఫ్టు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లందరికీ చెబుతున్నాడు. శ్రీరామమూర్తి కుర్చీ వేసుకుని, మొహానికి రుమాలు కట్టుకుని కూర్చున్నాడు.

శివశంకర్ పొద్దున్నుంచి ఆ గుంత పక్క నుంచి కదల్లేదు. జుట్టు, కనుబొమలు అన్నీ తెల్లబడిపోయి డెబ్బై ఏళ్లవాడిలా ఉన్నాడు. గుంతలోంచి వచ్చిన పొడిని అరచేతిలోకి తీసుకుని నలిపి చూడటం, పారబోయడం, మళ్లీ తీసుకోవడం. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు అతని పెదవులు కదులుతున్నాయి. తనను రుజువు చేసుకోవాలన్న ఆత్రం కాదది. మూడో అంతస్తు ముసలావిడ ఖాళీ బిందెతో మెట్ల మీద కూర్చుని ఉంటే, ఆవిడ వైపు చూసి అతను తలదించుకోవడం మృదుల చూసింది.

ఆమె పొడిలోంచి నడిచి వెళ్లి అతని పక్కన నిలబడింది.

"పడకపోవచ్చు," అన్నాడతను ఆమె వైపు చూడకుండా. "జర దూరం జరగండి, దుమ్ము పడ్తది."

"సాయంత్రం మా ఇంటికి రా. అమ్మావాళ్లకు చెబుతాను, మన గురించి."

అంత చప్పుడులోనూ అతనికి 'రా' అన్న మాట వినిపించింది. తెల్లటి కనుబొమలు పైకి లేచాయి.

"ముందు నీళ్లు పడనీ. పడకుంటే మీ నాయన ముందట ఏ మొహం పెట్టుకొని వస్త?"

"నీళ్ల కోసం పిలవట్లేదు నిన్ను."

"కాయ సంగతి ఏం తెల్వకుండనేనా?"

"పొద్దున్నుంచి నీ మొహమే చూస్తున్నాను శివా. గుంతలోకి చూడలేదు. నాకు తెలియాల్సింది తెలిసింది."

అతను ఏదో అనబోయాడు. ఆ క్షణంలోనే చప్పుడు మారింది. గరగరమంటున్న ఇనుము గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. పొడి ఆగింది. బురద ఒక్కసారి ఎగజిమ్మింది. లారీ మీది మనిషి చేయి ఊపి ఏదో అరిచాడు. ఆ తర్వాత భూమిలోంచి నీళ్లు నిలువునా లేచాయి, వేపచెట్టు కొమ్మల్ని దాటి, మొదటి అంతస్తు బాల్కనీలను దాటి, మే నెల ఆకాశంలోకి.

పైన ఒక్క మబ్బు లేదు. ఎండ ఫెళ్లున కాస్తోంది. ఆ ఎండలో వాన కురుస్తోంది. గేటు పక్కన పొడిగా ఉంది, రోడ్డు పొడిగా ఉంది. వేపచెట్టు కింద నిలబడ్డవాళ్ల మీదే పడుతోంది. మెట్ల మీది ముసలావిడ బిందె పక్కన పడేసి రెండు చేతులూ చాపింది. పైకి వెళ్లినవాళ్లందరూ బాల్కనీల్లోకి పరిగెత్తుకొచ్చారు. 

మృదుల పైకి చూడలేదు. శివశంకర్‌నే చూసింది. అతని మొహం మీది తెల్లపొడి చారలు చారలుగా కరిగిపోతోంది. అతను నోరు తెరుచుకుని నీళ్లకేసి చూస్తున్నాడు. జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు, ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందో తనకు ఎవరైనా చెబితే బాగుండునన్నట్టు చూస్తున్నాడు. ఆ సినిమాలో ముసలాయన మొహం ఎలా ఉండి ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆమె అతని చేయి పట్టుకుంది. అందరూ చూశారు, ఆమె వదల్లేదు.

శ్రీరామమూర్తి తడిసి ముద్దయి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పట్టుకున్న చేతుల్నీ, ఎగజిమ్ముతున్న నీళ్లనూ మార్చి మార్చి చూశాడు. దేని గురించి ముందు అడగాలో తేలక, "ఇది ఎలా తెలిసిందయ్యా నీకు?" అన్నాడు చివరికి.

"అడక్కండి నాన్నా," అంది మృదుల. "ఆయనకీ తెలీదు."

వేదవతి తువ్వాలు తీసుకుని కిందికి దిగివచ్చింది. దాన్ని మొగుడికి కాకుండా శివశంకర్‌కు ఇచ్చి, తల తుడుచుకుని పైకి రమ్మంది. కాఫీ పెడుతున్నానంది. అబ్బాయి గురించి పోయిన ఆదివారమే తనకు అర్థమైందని, చెప్పడానికి కూతురే వారం తీసుకుందని భర్త చెవిలో వేసింది.

పది రోజుల తర్వాత చంద్రమ్మ కందుకూరు నుంచి కోడల్ని చూసుకోవడానికి వచ్చింది. కొత్త బోరు నీళ్లతో కాళ్లు కడుక్కుని, సోఫాలో కూర్చుని, కొంగు కింద నుంచి ఒక స్టీలు డబ్బా తీసి మృదుల చేతిలో పెట్టింది. మూత మీద పేరు అదే.

"మూత తియ్యకుండనే చెప్తవంట కద బిడ్డా. చెప్పు సూత్తం, ఇందుల ఏముంది?"

అందరూ మృదుల వైపు తిరిగారు. డబ్బా ఇంకా వెచ్చగా ఉంది. బరువు ఎంతో చేతికి తెలుస్తూనే ఉంది, లోపల ఏదో మెల్లగా దొర్లడం కూడా తెలిసింది. కొద్దిగా ఆలోచిస్తే చెప్పేయగలదు. ఎదురుగా శివశంకర్ నవ్వు ఆపుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"తెలీదత్తయ్యా," అంది మృదుల.

తర్వాత డబ్బాను ఒళ్లో పెట్టుకుని, మెల్లగా మూత తీసింది.